వీణకు చిన్న మార్పులు: చేయించే ముందు తెలుసుకోవలసినవి

సంపాదకులకు నమస్కారం.

బొబ్బిలి వీణ గురించి పత్రికల్లో తరచూ చదువుతూనే ఉంటాం. గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి కుండ, దండి (మెట్లుండే పొడవాటి భాగం), తల ఒకే చెక్కలో తీర్చే సర్వసిద్ధి ఇంటిపేరు వారి పనితనం, దానికి దక్కిన భౌగోళిక గుర్తింపు, సభల్లో అతిథులకు ఇచ్చే బుల్లి వీణలు పాఠకులకు తెలిసిన సంగతులే. వీణ ఇంటికి చేరిన తరవాత దాని బాగోగుల గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క కనబడదు. కొన్ననాడు పలికినట్టే పదేళ్ల తరవాత కూడా పలకాలంటే మధ్యలో కొన్నిసార్లయినా దాని మీద తెలిసిన పనివాడి చేయి పడాలి. మేళం (మైనంలో మెట్ల అమరిక) మళ్లీ కట్టించడం, జీవాళి (తీగలు ఆనే గుర్రపు పలక వంపు) సరిచేయించడం, బిరడాలు (తీగలు బిగించే మేకులు) సర్దించడం, పికప్ (నాదాన్ని మైకు పరికరాలకు అందించేది) పెట్టించడం చూడటానికి చిన్న పనులే. కావలసింది ఏమిటో చెప్పడం తెలియక, ఏం చేశారో అడగడం తెలియక ఈ చిన్న పనుల్లోనే మంచి వీణలు పాడవుతున్నాయి. వీణ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకు, సంగీత కళాశాలల వారికి పనికొస్తుందని ఈ వివరాలు రాస్తున్నాం. కొంచెం పొడుగైనా ప్రచురించమని మనవి.

ముందుగా మేళం సంగతి. వీణ అపశ్రుతి పలికితే చాలు, మేళం పోయిందని తేల్చేస్తారు. ఇరవై నాలుగు మెట్లూ పీకించి కొత్త మైనం వేయించేస్తారు. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. మొదట సారణి తీగ (ఎక్కువగా వాయించే మొదటి తీగ) మార్చి చూడాలి. తుప్పు పట్టిన తీగ, మెట్ల దగ్గర నొక్కులు పడిన తీగ విడిగా మీటితే శ్రుతిలోనే ఉంటుంది, మెట్ల మీద మాత్రం తప్పు పలుకుతుంది. కొత్త తీగ వేసి రెండు రోజులు సాగనిచ్చి అప్పుడు పరీక్షించాలి. అప్పటికీ తేడా ఉంటే గుర్రం (కుండ మీద తీగలను మోసే వంతెన) చూడాలి. చాలా వీణల్లో గుర్రాన్ని పైపలకకు అతికించరు, తీగల బిగువు మీదే అది నిలబడి ఉంటుంది. వీణను ఎత్తేటప్పుడు చెయ్యి తగిలినా, తీగలన్నీ ఒకేసారి వదులు చేసినా అది చోటు కదులుతుంది.

తప్పు గుర్రానిదా, మెట్లదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సారణిని షడ్జానికి సరిచేసి ఒక్కొక్క మెట్టే పైకి వాయిస్తూ వినాలి. తేడా కింద కొంచెంగా మొదలై, పైకి పోయేకొద్దీ ఒకే వైపు పెరుగుతూ ఉంటే అది గుర్రం కదలడమే. ఒకటి రెండు మెట్లు మాత్రమే తప్పు పలికి మిగతావి సరిగా ఉంటే ఆ మెట్ల కింది మైనం జారింది. లెక్క కావలసిన వారికి ఒక ఉదాహరణ: మేరువు (తల దగ్గర తీగలు ఆనే అంచు) నుంచి గుర్రం దాకా తీగ మోగే పొడవు 80 సెంటీమీటర్లు అనుకుందాం. గుర్రం 2 మిల్లీమీటర్లు మెట్ల వైపు జరిగితే, షడ్జాన్ని మళ్లీ సరిచేసుకున్నా 12వ మెట్టు అర్ధస్వరంలో (పక్కపక్క మెట్ల మధ్య తేడాలో) 25వ వంతు దాకా హెచ్చుగా పలుకుతుంది. 24వ మెట్టు దగ్గర ఆ తేడా దాదాపు ఎనిమిదో వంతు. గుర్రాన్ని ఆ 2 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే చాలు, మైనం ముట్టుకోనక్కర లేదు. అందుకే వీణ కొన్న రోజునే మేరువు నుంచి గుర్రానికి ఉన్న దూరం కొలిచి రాసి పెట్టుకోవాలి. గుర్రం పాదాల చుట్టూ పైపలక మీద పెన్సిల్‌తో సన్నగా గీత గీసుకుంటే ఇంకా మంచిది.

మెట్లు నిజంగానే జారితే అది ఎక్కువగా వేసవిలోనే జరుగుతుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. రెంటచింతలలో, రామగుండంలో నీడలోనే 45 డిగ్రీలు చూస్తుంటాం. ఎండలో తలుపులు మూసి నిలిపిన కారులో వేడి ఇంకా ఎంతో ఎక్కువ. అందులో ఒక గంట ఉంచిన వీణ మెట్లు తీగల ఒత్తిడికి పక్కకు వాలతాయి. మైనంలో గుగ్గిలం కలిపేది ఆ మెత్తదనాన్ని తగ్గించడానికే, బొగ్గుపొడి కలిపేది నలుపుకీ, గట్టిదనానికీ. గుగ్గిలం తక్కువైతే మెట్లు ఎండకు జారతాయి. ఎక్కువైతే మైనం పెళుసై చలికాలంలో బీటలు తీస్తుంది, మెట్టు అంచున పెచ్చులూడుతుంది. కోస్తాలో కుదిరిన పాళ్లు రామగుండం ఎండకు ఆగకపోవచ్చు. వీణ ఏ ఊళ్లో ఉండబోతోందో, ఏసీ గదిలోనా, మామూలు గదిలోనా అన్నది పనివాడికి ముందే చెప్పాలి. మైనాన్ని సన్నటి సెగ మీదే కరిగించాలి. పెద్ద మంట మీద పొంగించిన మైనంలో బుడగలు మిగులుతాయి, మెట్టు కింద బోలు ఏర్పడుతుంది. అలాంటి మెట్టు మీద తీగ మీటితే స్వరం మొద్దుగా వినిపించి వెంటనే చచ్చిపోతుంది.

మేళం కట్టేటప్పుడు ఏడు తీగలూ పూర్తి బిగువులో ఉండాలి. వాయించే నాలుగు తీగల్లో (సారణి, పంచమం, మందరం, అనుమందరం) సారణి ఒక్కటే బిగించి మెట్లు పెట్టి, మిగతావి తరవాత బిగిస్తే దండి మీద బరువు మారి అప్పటిదాకా కుదిర్చిన స్థానాలు కొంత చెదురుతాయి. ముందు 12వ మెట్టు మీద తారషడ్జం, 7వ మెట్టు మీద పంచమం, 5వ మెట్టు మీద మధ్యమం నిలబెట్టి, ఆ మూడింటి ఆధారంతో మిగిలినవి అమర్చుకోవడం నమ్మకమైన పద్ధతి. తీగను మెట్టు మీదికి నొక్కినప్పుడు అది కాస్త సాగి శ్రుతి పెరుగుతుంది. అందువల్ల 12వ మెట్టు తీగ పొడవులో సరిగ్గా సగం దగ్గర ఉండదు, కొద్దిగా మేరువు వైపుకు ఉంటుంది. టేపుతో కొలిచి సగంలో మెట్టు పెట్టేవారికి వీణ అప్పగించకండి.

ఫోనులోని ట్యూనర్ యాప్ చూసి మెట్లు పెట్టే అలవాటు కూడా ఈమధ్య వచ్చింది. యాప్ చూపే అంతరగాంధారం తంబురా నాదంలో వినిపించే గాంధారం కంటే అర్ధస్వరంలో ఏడో వంతు హెచ్చుగా ఉంటుంది. కల్యాణి, శంకరాభరణం వాయించేటప్పుడు ఆ గాంధారం మీద నిలిచి చూస్తే తేడా తెలిసిపోతుంది. పనివాడి పక్కన తంబురా మోగుతూ ఉండాలి, తుదితీర్పు చెవిదే కావాలి. పైగా ఒక్కో మెట్టు నాలుగు తీగలకూ పనికిరావాలి. సారణి మీద ముద్దుగా కుదిరిన మెట్టు మందరం మీద కూడా కుదిరిందో లేదో చూడకుండా మైనం అంచులు మూసేయకూడదు. పంచమం తీగ 5వ మెట్టు మీద పలికేది, విడి సారణి పలికేది ఒకటే షడ్జం. ఇది ఎవరైనా చేసుకోగల పరీక్ష.

పై మెట్ల దగ్గర పని ఎంత సున్నితమో ఒక్క లెక్క చాలు. 80 సెంటీమీటర్ల తీగ మీద మేరువుకూ 1వ మెట్టుకూ మధ్య నాలుగున్నర సెంటీమీటర్లు ఉంటే, 23, 24 మెట్ల మధ్య ఉండేది 12 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు తప్పితే కింద అర్ధస్వరంలో నలభయ్యో వంతు తేడా, పైన పన్నెండో వంతు. పని పూర్తయ్యాక వీణ తీసుకునేటప్పుడు అతిమంద్రం నుంచి వాయించి మురిసిపోవడం కాదు, చివరి ఆరు మెట్లనూ ఓపికగా వినాలి. తరవాత ప్రతి మెట్టు మీదా తీగను పక్కకు లాగి మూడు నాలుగు స్వరస్థానాలు పైకి తీసుకెళ్లి చూడాలి. మధ్యలో గరగరమంటే ముందున్న మెట్టు ఎత్తు ఎక్కువైందన్నమాట. లాగకుండా వాయిస్తే ఈ లోపం అస్సలు బయటపడదు. గమకమే ప్రాణమైన వాద్యానికి ఈ పరీక్ష చేయకుండా డబ్బులిచ్చి రాకూడదు.

జీవాళి మేళం కంటే సూక్ష్మమైన పని. గుర్రం పైనున్న కంచు పలక తీగ దిశలో కంటికి కనబడీ కనబడనంత వంపు తిరిగి ఉంటుంది. తీగ దాన్ని ఒక్క చుక్క దగ్గర కాక కొంత మేర ఒరుసుకుంటూ కదులుతుంది. వీణ నాదంలోని ఆ జుమ్మనే నిండుదనం అక్కడే పుడుతుంది. వంపు తగ్గి పలక చదునైతే స్వరం కంటే రొద ఎక్కువవుతుంది. వంపు మరీ ఎక్కువైతే నాదం పొడిగా, పొట్టిగా తెగిపోతుంది. ఏళ్ల తరబడి వాయించగా తీగ కింద గాడి పడుతుంది. తీగను లాగినప్పుడు ఆ గాడి అంచుకు తగిలి చిటపటమనడం దానికి గుర్తు. అప్పుడు పలక తీయించి, తీగ దిశలోనే సన్నటి ఆకురాయితో రుద్దించి, ఆపైన 400, 600, 1000 నంబరు నీటి కాగితాలతో వరసగా నునుపు చేయించాలి. అడ్డంగా రుద్దితే మిగిలే సన్న గీతలే కొత్త గరగరకు మూలం. అరిగిన గాడి లోతు మేరకే తీయాలి. పలక అర మిల్లీమీటరు తగ్గితే 12వ మెట్టు దగ్గర తీగ ఎత్తు పావు మిల్లీమీటరు తగ్గుతుంది. రెండు మూడుసార్లు రుద్దించిన పలకను ఇక రుద్దించకుండా కొత్తది వేయించడం మేలు. పక్కనున్న మూడు తాళపు తీగల చిన్న వంపు పలకను చాలామంది మరిచిపోతారు. ప్రధాన తీగలు ఎంత బాగా పలికినా తాళం తీగలు కీచుమంటే వినేవారికి చిరాకే.

ఒక్క నియమం గట్టిగా చెప్పాలి. జీవాళి ముందు, మేళం తరవాత. తీగ ఎక్కడి నుంచి మోగుతుంది, ఎంత ఎత్తులో ఉంటుంది అన్న రెండు విషయాలనూ జీవాళి మారుస్తుంది. మేళం కట్టించాక జీవాళి ముట్టుకుంటే మేళానికి పెట్టిన ఖర్చు వృథా. రెండూ అవసరమైతే ఒకే పనివాడికి, ఒకేసారి, ఈ వరసలోనే అప్పగించాలి.

పాటకు తోడుగా వాయించాలనో, పిల్ల గొంతుకు సరిపోవాలనో శ్రుతి పెంచమని అడిగేవారున్నారు. అదే తీగతో నాలుగు శ్రుతి (హార్మోనియం మీద నాలుగో తెల్లమెట్టు) నుంచి ఐదుకు వెళితే తీగ బిగువు 26 శాతం పెరుగుతుంది. మూడు నుంచి ఐదుకు వెళితే 41 శాతం. తీగ లావు మార్చినా ఇంతే. 0.30 మిల్లీమీటర్ల తీగ తీసి 0.33 వేస్తే అదే శ్రుతికి బిగువు 21 శాతం ఎక్కువ. ఏడు తీగల మీదా ఇది పడితే దండి నెమ్మదిగా వంగుతుంది, పైపలక గుర్రం కింద కుంగుతుంది. దండి వంపును మైనం ఎత్తు పెంచి కొంతవరకు కప్పిపుచ్చవచ్చు, పోగొట్టలేం. ఐదు శ్రుతి కావాలంటే దానికి తగిన పొట్టి వీణ వేరే చేయించుకోవడమే సరైన దారి. ఉన్నదాన్ని బిగించడం మార్పు కాదు, హింస.

బిరడాలు వానాకాలంలో బిగుసుకుంటాయి, ఎండాకాలంలో జారతాయి. జారితే కొంచెం సుద్దపొడి, బిగుసుకుంటే కాస్త పొడి సబ్బు రాస్తే సరిపోతుంది. సుత్తితో కొడితే బిరడా దూరిన చోట చెక్క చీలుతుంది. రంధ్రం గుండ్రదనం పోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాక సుద్దలూ సబ్బులూ పనిచేయవు. పనివాడు రంధ్రాన్ని సమంగా తొలిచి, దానికి సరిపోయే బిరడాను కొత్తగా తీర్చాలి. బిరడా వాలు, రంధ్రం వాలు ఒకటే కావాలి. తీసి చూస్తే బిరడా మీద రెండు చోట్లా మెరుస్తున్న పట్టీలు సమానంగా కనిపించాలి. ఒకవైపే మెరిస్తే పని సగమే అయింది.

గిటారుకు ఉండే మర బిరడాలు (పళ్లచక్రంతో తిరిగేవి) పెట్టించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. శ్రుతి చేయడం తేలిక, చిన్నపిల్లలకు నిజంగా ఉపయోగం. అయితే వాటి కోసం రంధ్రాలు మార్చాలి, మరలు బిగించాలి, తల బరువెక్కుతుంది. తిరిగి పాత బిరడాలకు వెళ్లాలంటే రంధ్రాలకు చెక్క దిమ్మలు వేసి మళ్లీ తొలవాలి. నేర్చుకునేవారి కొత్త వీణకు అభ్యంతరం లేదు. తాతల నాటి ఏకాండి వీణకు (ఒకే చెక్కలో చేసినదానికి) మాత్రం వద్దు. వాటికి నాగపాశం (కుండ చివర తీగలు కట్టే చోటు) దగ్గర సన్న శ్రుతి సవరించే కడియాలను కొత్తవి వేయించితే చాలు, రోజువారీ శ్రుతికి బిరడాల జోలికే పోనక్కర లేదు.

పికప్ విషయంలో రెండు రకాలను కలిపేసి మాట్లాడటం వల్ల నష్టం జరుగుతోంది. అయస్కాంతం పికప్ ఇనుప తీగల కదలికనే పట్టుకుంటుంది. మందరం, అనుమందరం అచ్చమైన ఇత్తడి, కంచు తీగలైతే దానికి దాదాపు వినబడవు. సారణి అరుస్తుంది, మందరం మాయమవుతుంది. లోపల ఉక్కు ఉండి పైన చుట్టిన తీగలైతే పనిచేస్తుంది. అతికించే కాంటాక్ట్ పికప్ చెక్క కదలికను తీసుకుంటుంది కనుక అన్ని తీగలూ వస్తాయి. అతికించే చోటు కొంచెం మారినా నాదం మారుతుంది. గుర్రం పాదానికి ఒక వేలెడు దూరంలో మందరం వైపు మొదలుపెట్టి, వింటూ అటూ ఇటూ జరిపి చూసుకోవాలి. దీనికి అతుకుడు మైనం చాలు, జిగురు వద్దు. ఈ పికప్‌ను నేరుగా మైకు కేబుల్ పెట్టే చోట గుచ్చితే మంద్రమంతా పోయి రేకు చప్పుడు వస్తుంది. మధ్యలో ఒక మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్ (పికప్ సంకేతాన్ని మైకు పరికరాలకు తగినట్టు సర్దే చిన్న పెట్టె) పెట్టుకోవాలి. సౌండు వాళ్లను తిట్టే ముందు ఇది చూసుకోండి. కేబుల్ గుచ్చే జాక్ కోసం కుండకు కన్నం పెట్టనివ్వవద్దు. నాగపాశం మరకు బిగించే చిన్న రేకు మీద జాక్ అమర్చవచ్చు, రేపు వద్దనుకుంటే ఊడదీయవచ్చు.

మార్పు అన్నదే తప్పని మా ఉద్దేశం కాదు. పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌కు జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు కనుకే ఆ వాద్యం మీద కర్ణాటక గమకం అంత నిండుగా పలికింది. సంగీతం అడిగిన మార్పు అది. మెరుపు కోసం వీణ పైపలకకు మందపాటి మెలమైన్ పూత వేయించడం అలాంటిది కాదు. పూత బరువుకు పలక కదలిక తగ్గి నాదం మూగబోతుంది, గీకించి తీయడం మరింత ప్రమాదం. పలచటి లక్క పాలిష్ చాలు. కుండ మీద సన్న బీటలకు వజ్రం జిగురు (పశువుల తోలు, ఎముకలతో చేసేది), పనస రజను వాడితే రేపు ఇంకొకరు వేడి చేసి విప్పి సరిచేయగలరు. ఎపాక్సీ పోస్తే ఇక విప్పలేరు. విమానంలో తీసుకెళ్లడానికి ఏకాండి వీణను మధ్యకు కోసి మరలు పెట్టమని అడగటం మాత్రం దయచేసి మానండి. విడదీసే వీణలు అదే పద్ధతిలో మొదటినుంచీ చేసినవి దొరుకుతాయి. అమెరికాలో పిల్లలకు వీణ పంపేవారు సొరబుర్ర విప్పి వేరుగా కట్టి, తీగలను రెండు మూడు అర్ధస్వరాలు మాత్రమే దించి, తీగలకూ మెట్లకూ మధ్య మెత్తటి గుడ్డ దూర్చి పంపాలి. తీగలన్నీ పూర్తిగా వదిలేస్తే గుర్రం పడిపోతుంది. పెట్టెలో పావు కిలో మైనం ముద్ద, నాలుగు అదనపు మెట్లు, గుర్రం కొలత రాసిన కాగితం ఉంచాలి. అక్కడ చలికాలంలో హీటర్లకు గాలి ఎండిపోయి పైపలక చీలుతుంది, గదిలో తేమ 40 శాతానికి తగ్గకుండా చూసుకోవాలి.

పనివాడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం రాసుకుని వెళ్లాలి. వాయించే శ్రుతి, తీగల లావు, గుర్రం కొలత, ఏ మెట్టు మీద ఏ తీగ ఏం పలుకుతోంది, ఏ పని చేయాలి, ఏది ముట్టుకోకూడదు అన్నవన్నీ అందులో ఉండాలి. వీలైతే వాయించేవారే వెళ్లి, పనివాడి ఎదుట వాయించి చూపాలి. వాయించే చేతి బరువును బట్టే తీగ ఎత్తు నిర్ణయం కావాలి. తీసేసిన పాత పలక, బిరడాలు, మెట్లు అడిగి తెచ్చుకుని దాచాలి. మేళం కట్టాక మైనం సర్దుకోవడానికి వారం పడుతుంది. ఆ తరవాత ఒక్కసారి సరిచూసి ఇవ్వడం కూడా కూలిలో భాగమని ముందే మాట్లాడుకోవాలి.

ఇక రెండు ప్రభుత్వాలకూ మా మనవి. 1919లో మొదలైన విజయనగరం మహారాజా సంగీత కళాశాల మొదలుకుని విజయవాడ, హైదరాబాదు ప్రభుత్వ సంగీత కళాశాలల దాకా అన్నిచోట్లా పిల్లలు కళాశాల వీణల మీదే సాధన చేస్తారు. జారిన మెట్ల మీద మొదటి రెండేళ్లు సాధన చేసిన చెవి, ఆ తప్పు గాంధారాన్నే సరైనదని పట్టుకుంటుంది. దాన్ని వదిలించడం ఏ గురువుకైనా కష్టం. గొల్లపల్లి నుంచో నూజివీడు నుంచో మేళం కట్టడం తెలిసిన పనివారిని ఏడాదికి రెండుసార్లు, వేసవి అయ్యాక ఒకసారి, వానలు వెలిశాక మరోసారి, ప్రతి కళాశాలకూ రప్పించాలి. ప్రయాణ ఖర్చు, బస కళాశాలే చూడాలి. కూలి వీణకు ఇంత అని కట్టి చేతికివ్వాలి, బిల్లుల కోసం తిప్పకూడదు. ప్రతి వీణకూ ఒక చిట్టా పెట్టి గుర్రం కొలత, మార్చిన తీగలు, మేళం కట్టిన తేదీ రాయించాలి. వీణ చెక్కడంలో యువతకు ఇచ్చే శిక్షణలో మేళం, జీవాళి పనులను చేర్చి, స్వరజ్ఞానం కోసం ఒక సంగీత ఉపాధ్యాయుణ్ణి పక్కన కూర్చోబెట్టాలి. జూన్‌లో కళాశాలలు తెరిచే వారంలోనే మొదటి విడత మొదలుపెడితే, వేసవిలో జారిన మెట్లన్నీ పిల్లల చేతికి రాకముందే సరి అవుతాయి.

ఇట్లు,
వీణ ఉపాధ్యాయులు,
విజయనగరం